బంకమట్టి పొరల మధ్య నీరు: 13.6 ఆంగ్‌స్ట్రాంలను ఎలా అర్థం చేసుకోవాలి?

సోడియం మాంట్‌మోరిల్లొనైట్‌ను (పొరలు పొరలుగా ఉండే ఒక బంకమట్టి ఖనిజం) గాజు పలకపై పలుచగా ఆరబెట్టి ఎక్స్-రే వివర్తనం (ఎక్స్-కిరణాలు చెదిరే తీరును బట్టి పొరల దూరం కొలిచే పద్ధతి) తీస్తున్నాను. 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేసి వెంటనే కొలిస్తే పొరల మధ్య దూరం సుమారు 9.7 ఆంగ్‌స్ట్రాంలు (ఒక ఆంగ్‌స్ట్రాం మీటరులో వెయ్యి కోట్లవ వంతు) వస్తోంది. అంతవరకు పేచీ లేదు. అదే పలకను బల్ల మీద వదిలేసి మధ్యాహ్నం చూస్తే 13.6!

ఒక వరుస నీటి అణువులు చేరితే దాదాపు 12.4, రెండు వరుసలైతే 15.4 రావాలి కదా. ఈ మధ్య అంకె ఎక్కడిది? పైగా వివర్తన రేఖాచిత్రంలో ఈ దూరాన్ని చూపే శిఖరం వెడల్పుగా, ఒకవైపు ఒరిగి ఉంది. తర్వాతి శిఖరాలు కూడా సరైన నిష్పత్తిలో పడటం లేదు. ఒకే స్ఫటికంలో ఒక వరుస, రెండు వరుసల పొరలు కలగలిసి ఉన్నాయని నా అనుమానం. పలకను వంకరగా అమర్చానేమోనని మూడుసార్లు సరిచూశాను, అది కాదు.

తేమను అదుపులో పెట్టడానికి మూతపెట్టిన డబ్బాలో మెగ్నీషియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం (సుమారు 33 శాతం తేమ), మరోదానిలో మామూలు ఉప్పు ద్రావణం (75 శాతం) ఉంచుదామనుకుంటున్నాను. పలకను ఎన్ని రోజులు ఉంచితే సమతాస్థితి వచ్చినట్లు? ఆరేటప్పుడు, తడిసేటప్పుడు పొరల దూరం మారే దారి వేరుగా ఉంటుంది కాబట్టి ఏ వైపు నుంచి మొదలుపెట్టడం మేలు? కొలిచే పది నిమిషాల్లో పలక గది తేమను పీల్చకుండా మీరేం చేస్తారు?