మహోమ్స్ పనైపోయిందా? బ్రాంకోస్ వాళ్ళు, చీఫ్స్ వాళ్ళు ఇద్దరూ చెప్పండి

ఆరెంజ్ జెర్సీ (డెన్వర్):

రెండేళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను, అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ (అంటే బంతి విసిరేవాడు) ప్యాట్రిక్ మహోమ్స్ ఆట పడిపోతోందని. ఎవరైనా వింటేగా. 2024లో చీఫ్స్ 15 గెలిచి 2 మాత్రమే ఓడారు కాబట్టి అందరూ గెలుపులు లెక్కపెట్టుకుని ఊరుకున్నారు. అసలు అంకెలు చూడండి. 2018లో 580 పాసులు విసిరి 5,097 యార్డులు, 50 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ళ చివరి గీత దాటించడం). 2024లో 581 పాసులు, 3,928 యార్డులు, 26 టచ్‌డౌన్లు. పాసు ఒకటి ఎక్కువే, యార్డులు మాత్రం 1,169 తక్కువ. పోనీ రిసీవర్లు పట్టుకోలేదా అంటే అదీ కాదు, అప్పుడు 383 పట్టుకున్నారు, 2024లో 392. అంటే బంతి చేరుతోంది, కానీ దగ్గర్లో ఉన్నవాడికి చేరుతోంది. అందరికన్నా వెనక కాసే మన సేఫ్టీల తల మీంచి పోయే ఆ పొడుగు బంతులు ఏమయ్యాయి?

2025 సంగతి చెప్పక్కర్లేదు. 6 గెలుపులు, 11 ఓటములు, చీఫ్స్‌కి 2014 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ లేవు. అతనికి సెప్టెంబర్‌లో ముప్పై నిండాయి, డిసెంబర్‌లో మోకాలు పోయింది. మన డెన్వర్ బ్రాంకోస్ 14 గెలిచి, రెండు జట్లూ ఉన్న డివిజన్ తీసుకుంది. ఇక నుంచి ఇది మన డివిజనే అని గట్టిగా అంటున్నాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

సౌత్ స్టాండ్స్ (డెన్వర్):

తమ్ముడూ, నేనూ బ్రాంకోస్ మనిషినే. చీఫ్స్ చేతిలో వరుసగా 16 సార్లు ఓడాం కదా, ఆ పదహారూ కూర్చుని చూసినవాణ్ణి. మహోమ్స్‌ని వెనకేసుకు రావాల్సిన అవసరం నాకేమీ లేదు. అయినా పనైపోయింది అనే మాట ఒప్పుకోను, ఎందుకంటే పనైపోవడం ఎలా ఉంటుందో మన ఇంట్లోనే చూశాం.

2015 నవంబర్ 15. ఆ పదహారు ఓటముల్లో మొదటిది ఆ రోజే. అప్పుడు నాన్న గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆయనకి ఈ ఆట ఒక్క ముక్క తెలియదు, మన క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్ అంటే మనకి సచిన్ లాంటివాడని చెప్పి స్టేడియానికి తీసుకెళ్ళాను. మొదట్లోనే ఒక చిన్న పాసుతో బ్రెట్ ఫార్వ్ పేరు మీదున్న కెరీర్ యార్డుల రికార్డు దాటేశాడు, జనమంతా లేచి నిలబడ్డారు, నాన్న కూడా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అంతా నరకం. మొత్తం 20 పాసుల్లో 5 చేరాయి, 35 యార్డులు, 4 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పట్టేసుకున్న పాసులు). పాసర్ రేటింగ్, అంటే పాసులకిచ్చే మార్కు, 0.0, అక్షరాలా సున్నా. మూడో క్వార్టర్‌లో ఆయన్ని కూర్చోబెట్టి బ్రాక్ ఆస్‌వైలర్‌ని దింపారు.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆ బంతి. సైడ్‌లైన్ వైపు విసిరితే దారిలో ఊపిరి అందనట్టు మందగించేది, ముక్కు కిందికి వాలిపోయి వణుకుతూ వెళ్ళేది. అంత దూరంలో కూర్చున్న మాకే కనబడుతుంటే ఎదురుగా రిసీవర్‌ని కాస్తూ నిలబడ్డ కార్నర్‌బ్యాక్‌కి ఎంత తీరిగ్గా కనబడి ఉంటుందో ఊహించుకో. ఎక్కడ వేయాలో ఆయన బుర్రకి తెలుసు, చెయ్యే సహకరించడం లేదు. నాన్న నా వైపు వంగి "పాపం, భుజం నొప్పేమోరా ఆయనకి" అన్నారు. ఆట తెలియని మనిషికే అర్థమైపోయింది. 2013లో 55 టచ్‌డౌన్లు, 5,477 యార్డులు చేసిన మనిషి 2015లో 9 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్ల దగ్గర ఆగాడు. అప్పటికి ఆయన వయసు 39, మెడ ఆపరేషన్లు అయినవాడు. ఆ ఏడాది సూపర్ బౌల్ (సీజన్ ఫైనల్) మనం గెలిచాం, నిజమే, కానీ గెలిపించింది డిఫెన్స్ అని మనందరికీ తెలుసు.

మహోమ్స్ బంతిలో ఆ వణుకు నీకెప్పుడైనా కనబడిందా? నాకైతే కనబడలేదు. 2025 నవంబర్ 16న ఇక్కడే 22-19తో గెలిచాం, అదీ ఆఖరి క్షణంలో మన కిక్కర్ విల్ లట్జ్ ఫీల్డ్ గోల్ కొడితే. అంతకుముందు నాలుగో క్వార్టర్‌లో బంతి మహోమ్స్ చేతికి వెళ్ళిన ప్రతిసారీ నువ్వు నిశ్చింతగా వెనక్కి వాలి కూర్చున్నావా? నేను లేచే ఉన్నాను. పనైపోయినవాణ్ణి చూసి ఎవరూ అంత టెన్షన్ పడరు.

యార్డులు తగ్గడానికి కారణాలు అతని చుట్టూ ఉన్నాయి. 2021 నుంచే డిఫెన్సులు అతని మీద ఇద్దరు సేఫ్టీలను బాగా వెనక నిలబెట్టి, పొడుగు పాసు ఇవ్వం, దగ్గర్లో తీసుకో అంటున్నాయి. 2022 మార్చిలో రిసీవర్ టైరీక్ హిల్‌ని మయామికి పంపేశారు. అతని పాసులు పట్టే ట్రావిస్ కెల్సీకి వయసు మీద పడింది, 2022లో 1,338 యార్డులు, 2024లో 823. ఇంకో రిసీవర్ రషీ రైస్ 2024లో నాలుగో వారానికే మోకాలి దెబ్బతో బయటికి వెళ్ళాడు. ఇన్ని పోయాక కూడా మనిషి 15 ఆటలు గెలిపిస్తే అది పతనం ఎలా అవుతుంది?

ఆరెంజ్ జెర్సీ:

అన్నా, మ్యానింగ్ సంగతి చదివితే గుండె పిండేసినట్టయింది, కానీ నీ కారణాల్లో ఒకటి నిలబడదు. హిల్ వెళ్ళిపోయిన ఏడాదే, 2022లో, మహోమ్స్ 5,250 యార్డులు, 41 టచ్‌డౌన్లు చేశాడు, ఎంవీపీ (ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు) తీసుకున్నాడు, సూపర్ బౌల్ కూడా గెలిచాడు. ఇద్దరు సేఫ్టీలు అప్పుడూ ఉన్నారు. హిల్ లేడు. మరి 2023లో ఒక్కసారిగా 4,183కి, 27 టచ్‌డౌన్లకి ఎందుకు పడింది? ఇంటర్‌సెప్షన్లు 14, అప్పటికి అతని కెరీర్‌లో అవే ఎక్కువ. ఆ అక్టోబర్‌లోనే కదా మనం 24-9తో పదహారు ఓటముల లెక్క తెంచింది.

ఇక 2025 ఫిబ్రవరి 9, న్యూ ఆర్లీన్స్‌లో ఈగల్స్‌తో సూపర్ బౌల్. ఈగల్స్ ఆ ఆటంతా ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయలేదు, అంటే అతని మీదికి అదనంగా ఎవర్నీ పంపలేదు. నలుగురితోనే వచ్చారు, వెనక ఏడుగురిని నిలబెట్టారు. హాఫ్‌టైమ్‌కి ఈగల్స్ 24-0. 6 సాక్‌లు (బంతి విసరకముందే అతన్ని పడగొట్టడం). వాళ్ళ కూపర్ డిజీన్ ఇంటర్‌సెప్షన్ పట్టుకుని నేరుగా టచ్‌డౌన్‌కి పరిగెత్తాడే, ఆ బంతి ఎవరు వేయమన్నారు? చివర్లో ఆట చేజారిపోయాక వచ్చిన టచ్‌డౌన్లు లెక్కలోకి రావు. నిజమైన మహోమ్స్ అయితే ఏదో ఒక దారి వెతికేవాడు. 2024లో చాలా ఆటలు చివరి నిమిషంలో బయటపడ్డవే, మన మీద గెలిచిన 16-14 కూడా లట్జ్ కిక్‌ని చేత్తో ఆపితే దక్కిందే. 2025లో అదే అదృష్టం తిరగబడింది, అంతే.

ఆరోహెడ్ ఎరుపు (ఓవర్‌ల్యాండ్ పార్క్, కాన్సాస్):

నేను చీఫ్స్ అభిమానిని. మా వాళ్ళందరూ కోప్పడతారు గానీ మీ ఇద్దరి మాటల్లోనూ నాకు నిజం కనబడుతోంది. చెయ్యి తగ్గలేదు, అన్నగారు చెప్పింది కరెక్టే. మారింది కాళ్ళు. ఇంకా ఎవరూ దగ్గరికి రాకముందే పక్కకి జరిగిపోతాడు. ముందు అడ్డుగా నిలబడే లైన్ బాగా ఆపుతున్న ఆటల్లో కూడా రెండు అడుగులు వెనక్కి, ఒక అడుగు కుడికి. అలా జరిగితే టాకిల్ (లైన్ చివర నిలబడి అతన్ని కాసేవాడు) కాసిన చోటు వదిలేసి వచ్చినట్టే, ఆ టాకిల్ కాపాడుతున్నది ఖాళీ స్థలాన్ని. మా ఇంట్లో మావారు టీవీ పాజ్ చేసి మరీ చూపిస్తారు, "చూడు, ఇక్కడ నిలబడి ఉంటే ఆ పోస్ట్ రూట్, రిసీవర్ పరిగెత్తే ఆ పొడుగు దారి, ఖాళీగా ఉంది" అని. ఆపి చూస్తే నిజంగానే రిసీవర్ ఒంటరిగా పరిగెడుతుంటాడు, మహోమ్స్ మాత్రం అటు చూడను కూడా చూడడు.

2025 డిసెంబర్ 14న ఛార్జర్స్‌తో 16-13 ఓడిన రోజు మేం మా స్టేడియం ఆరోహెడ్‌లోనే ఉన్నాం. అతను మోకాలు పట్టుకుని పడిపోయినప్పుడు అంత పెద్ద స్టేడియంలో మాట లేదు. ప్లేఆఫ్స్ పోయాయన్నది ఇంటికి వచ్చాక గానీ గుర్తు రాలేదు.

సౌత్ స్టాండ్స్:

అమ్మా, మీరు చెప్పిన కాళ్ళ మాటే నాకు కావాల్సింది, థాంక్స్. తమ్ముడు 2022 గురించి అన్నది కూడా ఒప్పుకుంటున్నాను, హిల్ ఒక్కడి మీద నెట్టేయడం నా తప్పు. కానీ 2022కీ 2023కీ మధ్య ఏం జరిగిందో చూడు. లెఫ్ట్ టాకిల్ ఓర్లాండో బ్రౌన్ 2023 మార్చిలో సిన్సినాటికి వెళ్ళిపోయాడు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ వైపు వెనక నుంచి వచ్చేవాడు కనబడడు, ఆ చోటు కాసేవాడే లెఫ్ట్ టాకిల్. అప్పట్నుంచి ఆ చోట నిలకడ లేదు. 2024 చివరికొచ్చేసరికి లైన్‌లో ఇంకో చోట, గార్డ్‌గా ఆడే జో థూనీని అక్కడికి జరిపారు, సూపర్ బౌల్ కూడా అలాగే ఆడారు. ఆ సీజన్‌లో మహోమ్స్ 36 సాక్‌లు తిన్నాడు, అతని కెరీర్‌లోనే ఎక్కువ. సీజన్ అయ్యాక థూనీని షికాగోకి పంపి, డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ళ ఎంపిక) మొదటి రౌండ్‌లో లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్‌ని తీసుకున్నారంటే జబ్బు ఎక్కడుందో వాళ్ళకీ తెలిసినట్టే కదా.

వెనక నుంచి అన్ని దెబ్బలు తిన్నవాడికి దెబ్బ రాకముందే ఒళ్ళు పక్కకి జరుగుతుంది. అది అలవాటు. పొడుగు పాసుకి కాస్త ఎక్కువసేపు నిలబడాలి, నిలబడే ధైర్యం లేనప్పుడు దగ్గర్లో ఉన్నవాడికి ఇచ్చేస్తాడు. నీ 1,169 యార్డుల్లో ఎక్కువ భాగం అక్కడే పోయాయి. అలవాటు కాబట్టి మారుతుంది, మ్యానింగ్ చెయ్యిలా తిరిగి రాకుండా పోయేది కాదు.

తెల్లారి ఐదింటికి (హైదరాబాద్):

సూపర్ బౌల్ ఇక్కడ సోమవారం పొద్దున 5 గంటలకి మొదలవుతుంది, ప్రతి ఏడూ అలారం పెట్టుకుని లేస్తాను, అందుకే ఈ పేరు. ఒక్క విషయం ఎవరూ అడగడం లేదు. పోయింది ఎడమ మోకాలు. కుడిచేతి వాడు విసిరేటప్పుడు ముందు పెట్టి బరువంతా మోపేది ఎడమ కాలే. ఫాస్ట్ బౌలర్‌కి ముందు కాలు ఎలాగో ఇతనికి అది అలా. ఏసీఎల్ (మోకాలి లిగమెంట్) ఆపరేషన్ అయినవాడు ఆ కాలిని నమ్మి గట్టిగా మోపగలడా? పైగా ఇతని ఆటంతా పరిగెడుతూ, వంగుతూ, ఒంటికాలి మీద విసరడమే. అలవాటు మారుతుంది అంటున్నారు, నాకు భయం ఏమిటంటే ఈ మోకాలితో ఆ అలవాటు ఇంకా ముదురుతుందేమోనని.

సౌత్ స్టాండ్స్:

మంచి ప్రశ్న వేశావు బాబూ. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి 2008లో పోయింది కూడా ఎడమ మోకాలే, మొదటి ఆటలోనే. అప్పటికి అతనికి 31, చేతిలో మూడు సూపర్ బౌల్స్ ఉన్నాయి. తిరిగొచ్చాక ఇంకా నాలుగు గెలిచాడు.

ఆరెంజ్ జెర్సీ:

బ్రేడీ పరిగెత్తేవాడు కాదన్నా. నిలబడిన చోటి నుంచే విసిరేవాడు, అతనికి ముప్పావు మోకాలు సరిపోతుంది. మహోమ్స్‌కి సరిపోదు. అందుకే నా మాట మీద నేనున్నాను. చెయ్యి బాగుంది అన్నది మాత్రం ఇవాళ ఒప్పుకుంటున్నాను.

సౌత్ స్టాండ్స్:

సరే, అయితే ఇద్దరం ఒకే చోట చూద్దాం. అతను తిరిగొచ్చి ఆడే మొదటి ఆటలో, థర్డ్ డౌన్‌కి (మూడో ప్రయత్నానికి), ఎడమ వైపు నుంచి ఎవడైనా మీదికి వస్తున్నప్పుడు పక్కకి జరగకుండా ఆ ఎడమ కాలు నేల మీద మోపి కుడి సైడ్‌లైన్‌కి విసురుతాడా లేదా. విసిరితే బంతి ముక్కు ఎటుందో చూడు. కిందికి వాలితే నేనే ముందు వచ్చి నువ్వన్నది నిజమని రాస్తాను.