మోకాళ్ల నొప్పి ఉన్న అత్తయ్యగారిని పఫింగ్ బిల్లీ పొగబండి ఎక్కించవచ్చా?

అందరికీ నమస్తే. మేం మెల్‌బోర్న్‌లో టార్నీట్ వైపు ఉంటాం. తెనాలి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి నెలైంది. కారమ్ డౌన్స్ శివవిష్ణు గుడికి తీసుకెళ్లాం. వెరిబీ జూ కూడా చూపించాం (శని, ఆదివారాల్లో 16 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు కదా, మావాడి ఖర్చు తప్పింది). పోయిన ఆదివారం బ్రైటన్ బీచ్‌లో ఆ రంగురంగుల చెక్క గదుల దగ్గర ఫొటో దిగుదామంటే, గాలికి అత్తయ్యగారి శాలువా ఎగిరి తడి ఇసుకలో పడింది. "జూలైలో ఇంత చలేమిటే తల్లీ" అని మళ్లీ కారు దిగితే ఒట్టు.

ఇప్పుడు మామయ్యగారి మనసు పఫింగ్ బిల్లీ మీద పడింది. పొగబండి అనగానే చిన్నపిల్లాడైపోయారు! బెల్‌గ్రేవ్‌లో ఎక్కి లేక్‌సైడ్ దాకా వెళ్లి రావాలని అనుకుంటున్నాం. అత్తయ్యగారికేమో రెండు మోకాళ్లూ నొప్పే, మెట్టెక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. పెట్టె ఎక్కే మెట్టు ఎంత ఎత్తుంటుంది? పక్కలు తెరిచి ఉండే పెట్టెల్లో ఆ చలికి కూర్చోగలరా, లేక కిటికీలు మూసుకునే పెట్టె అడిగి తీసుకోవచ్చా? పొద్దున్నే కార్లో వెళ్లడం మేలా, ఫ్లిండర్స్ స్ట్రీట్‌లో బెల్‌గ్రేవ్ రైలెక్కడం మేలా?

ఇంకొకటి, లేక్‌సైడ్‌లో బాత్రూమ్ స్టేషన్‌కి దగ్గరేనా? ఆవిడ మొదట అడిగేది అదే. భోజనానికి పులిహోర డబ్బా పట్టుకెళ్తాం. పార్కుల్లో ఉండే కరెంటు బార్బెక్యూ పలకల మీద దోసె మాత్రం అత్తయ్యగారు వేయనివ్వరు, "ఎవరేం కాల్చారో దానిమీద" అని.

అయిదు దాటితే చీకటి పడిపోతోంది కాబట్టి ఏ బండికి వెళ్తే వెలుతురుండగానే తిరిగొస్తామో కూడా చెప్పండి. ఈ శనివారంలోపు టికెట్లు తీసేయాలి.