44.1 పెట్టాల్నా, 48 పెట్టాల్నా?

అమీర్‌పేట్_గొంతు: యూట్యూబ్ వీడియోలకు ఇంట్లనే వాయిస్ చెప్తున్న. శాంపిల్ రేట్ ఎంత పెట్టాలె? 16 బిట్ సరిపోతదా, 24 కావాల్నా? పైన సీలింగ్ ఫ్యాన్ రొద వేరే.

డబ్బింగ్_కృష్ణానగర్: వీడియోకు 48 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లు (శబ్దపు కొలతలు). 44.1 సీడీల లెక్క. 48 ఫైల్‌ను కన్వర్ట్ చేయకుండా 44.1గా ఆడిస్తే గొంతు దాదాపు ఒకటిన్నర సెమిటోన్ (హార్మోనియంలో పక్కపక్క మెట్ల తేడా ఒక సెమిటోన్) దిగుతుంది, నిమిషం మాట 65 సెకన్లకు సాగుతుంది. సింక్ పోయిందని ఎడిటర్‌ని తిట్టేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

హైఫై_మామ: 96 పెట్టు తమ్మీ. ఎక్కువుంటే నష్టమేంది?

డబ్బింగ్_కృష్ణానగర్: నష్టం హార్డ్‌డిస్కుకు. శాంపిల్ రేట్‌లో సగం దాకానే ఫ్రీక్వెన్సీ పడుతుంది. 48కి 24 కిలోహెర్ట్జ్. మనిషి చెవి 20 దగ్గరే ఆగుతుంది. మిగతాది గబ్బిలాలకా?

హైఫై_మామ: డిస్టార్షన్ ప్లగిన్ (శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్) వేసి విను, ఆ సగం దాటిన ఫ్రీక్వెన్సీలు ఎట్ల మడతపడి కిందికొస్తయో, అదే అలియాసింగ్. 96ల తగ్గుతది. పదేండ్లసంది మిక్సింగ్ చేస్తున్న, నాకు చెప్పకు.

డబ్బింగ్_కృష్ణానగర్: దానికి చాలా ప్లగిన్లలో ఓవర్‌శాంప్లింగ్ (లోపల మాత్రమే శాంపిల్ రేట్ పెంచి పనిచేయడం) ఉంది. ఆయన అడిగింది వాయిస్ ఓవర్, ఎలక్ట్రిక్ గిటార్ కాదు.

కోఠి_కేబుల్: 320 బిట్ల రికార్డ్ చేయ్ అన్నా, లొల్లే ఉండదు.

బిట్లబాబు: అయ్యా, అది ఎంపీ3 బిట్ రేట్, సెకనుకు 320 కిలోబిట్లు. బిట్ డెప్త్ వేరు, అది ఒక్కో శాంపిల్‌ను ఎన్ని బిట్లతో రాస్తామన్నది. 48 వేల శాంపిళ్లు, ఒక్కోటి 24 బిట్లు: మోనో వేవ్ ఫైల్ సెకనుకు 1,152 కిలోబిట్లు, నిమిషానికి 8.6 ఎంబీ. అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య పట్టే తేడా బిట్‌కు దాదాపు 6 డీబీ (డెసిబెల్స్), అందుకే 16కు 96, 24కు 144. 24 పెట్టి, గెయిన్ (మైక్ సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గించి, పీక్‌లు (గొంతు బాగా లేచే చోట్లు) మైనస్ 12 డీబీ దగ్గర ఉంచండి. డిజిటల్‌లో గరిష్ఠం సున్నా, అది దాటబోతే అలల తలలు తెగుతాయి, అదే క్లిప్పింగ్. తర్వాత ఫేడర్ (వాల్యూమ్ మీట) దించితే ఆ తెగిన గొంతే చిన్నగా వినపడుతుంది, అంతే.

కోఠి_కేబుల్: 32 బిట్ ఫ్లోట్‌ల (సున్నా దాటినా లెక్క పట్టే ఫైల్ రకం) క్లిప్పే కాదంటరు?

బిట్లబాబు: ఫైల్ కాదు. ముందే ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ను పెంచేది), కన్వర్టర్ (దాన్ని అంకెలుగా మార్చేది) క్లిప్ అయితే ఫ్లోట్ ఏం చేస్తుంది? సాఫ్ట్‌వేర్‌లో 32 ఎంచుకుంటే మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే మీ 24 బిట్ ఇంటర్‌ఫేస్ మారిపోదు.

అమీర్‌పేట్_గొంతు: ఫ్యాన్ సంగతి ఎవరన్నా చెప్పుర్రి.

హైఫై_మామ: బంద్ చెయ్. మైక్‌కు జానెడు దూరంల మాట్లాడు, 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (దాని కిందివి కోసే ఫిల్టర్) వెయ్. ముందు 5 సెకన్లు ఉత్త గది చప్పుడు పట్టుకో, నాయిస్ రిడక్షన్‌కు పనికొస్తది. దాన్ని మరీ గుంజితే గొంతు నీళ్లలకెళ్లి వచ్చినట్టుంటది.

డబ్బింగ్_కృష్ణానగర్: ఫ్యాన్‌కు కూడా 96 పెట్టమనలేదు, సంతోషం.

కోఠి_కేబుల్: నాకైతే హెడ్‌ఫోన్ల నా గొంతు నాకే లేటొస్తది.

బిట్లబాబు: బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి పోగుచేసే శాంపిళ్లు) 1024 ఉందేమో చూడండి. 48లో ఆ ఒక్కటే 21 మిల్లీసెకన్లు. 128 పెడితే 3 లోపు. టపటపమంటే 256కి పెంచండి.