పాత డీవీడీ పెట్టెలోని యూరో ట్రక్ కీని స్టీమ్‌లోకి మార్చుకోవచ్చా?

ఏలూరు నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీలు నడిపే కంప్యూటర్ ఆట ఒరిజినల్ డీవీడీ పెట్టె ఉంది. అన్నయ్య ఇంజినీరింగ్ చదివే రోజుల్లో బాబాయి లండన్ నుంచి తెచ్చి ఇచ్చాడు. పాత డెస్క్‌టాప్‌లో అన్నయ్యా నేనూ వంతులు వేసుకుని ఆడేవాళ్ళం. ఆ డెస్క్‌టాప్ విండోస్ 7తో ఇప్పటికీ నడుస్తోంది. ఈ ఏడాది నాకు కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు, దానికి డీవీడీ డ్రైవే లేదు. కాలేజీలో మావాళ్ళంతా స్టీమ్‌లో (ఆటలు ఆన్‌లైన్‌లో కొని దించుకునే చోటు) కాన్వాయ్, అంటే ఇదే ఆట అందరూ కలిసి ఆడుతున్నారు. "నువ్వూ స్టీమ్‌లో కొనుక్కోరా" అంటున్నారు. ఒకసారి డబ్బిచ్చి కొన్న ఆటను మళ్ళీ ఎందుకు కొనాలి? పెట్టెలో ఉన్న కీని, అంటే ఆట కొన్నట్టు ఇచ్చిన కోడ్‌ను, స్టీమ్‌లోకి మార్చుకునే దారి ఏమైనా ఉందా? పాత ప్రొఫైల్‌లో మా గ్యారేజీలు, లారీలు, డ్రైవర్లు అన్నీ ఉన్నాయి. అవి పోతాయేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. కీ ఉన్న కాగితం ఫోటో కింద పెట్టాను, చూసి చెప్పండి.

హనుమకొండ నుంచి జవాబు:

తమ్ముడూ, ముందు ఆ ఫోటో తీసెయ్యి. మిగతాది తర్వాత చదువుదువుగాని. నీ లైసెన్స్ అంటే ఆ కాగితం మీద ఉన్న అక్షరాలే. డిస్క్ కేవలం ఆటను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఇచ్చిన వస్తువు. ఎవరైనా ఆ అక్షరాలు చూసి తమ ఖాతాలో కొట్టేసుకుంటే ఆట వాళ్ళదైపోతుంది, నువ్వు కొట్టినప్పుడు ఆ కీ వాడేశారని వస్తుంది.

ఇప్పుడు నీ ప్రశ్న. మార్చుకోవచ్చు, మళ్ళీ కొనక్కర్లేదు. ఈ ఆట చేసింది చెక్ దేశంలో ప్రాగ్ నగరానికి చెందిన ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్. 2012 అక్టోబరులో ఆట విడుదలైంది, 2013 జనవరిలో స్టీమ్‌లోకి వచ్చింది. అప్పటికే పెట్టె కొన్నవాళ్ళకు వాళ్ళు అన్యాయం చెయ్యలేదు. పెట్టెలో వచ్చిన ప్రొడక్ట్ కీనే స్టీమ్‌లో కొట్టుకునే వీలు ఇచ్చారు. నాకు ఆ కంపెనీ మీద గౌరవం ఉండటానికి ఇదీ ఒక కారణం.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. ల్యాప్‌టాప్‌లో స్టీమ్ తెరిచి, పైన గేమ్స్ అనే మెనూలో "యాక్టివేట్ ఎ ప్రొడక్ట్ ఆన్ స్టీమ్" నొక్కి, కీ కొట్టి, ఒప్పుకోవాలి. అంతే, ఆట నీ లైబ్రరీలోకి వస్తుంది. ఇది డెస్క్‌టాప్‌లో చెయ్యాలని చూడకు. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8లకు స్టీమ్ సపోర్ట్ లేదు.

కానీ కీ కొట్టేముందు ఒక్క విషయం తేల్చుకో. అది ఎవరి ఖాతాలోకి వెళ్ళాలి? ఒకసారి ఒక ఖాతాలో పడిన కీని ఇంకో ఖాతాకు మార్చడం కుదరదు. పెట్టె మీ అన్నయ్యదా, నీదా? ఆయనకు కూడా స్టీమ్ ఉందా?

ఏలూరు నుంచి:

ఫోటో తీసేశాను అక్కా, థాంక్స్. పెట్టె నిజానికి అన్నయ్యదే. ఇప్పుడు డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. స్టీమ్ ఖాతా ఉంది. తన ఖాతాలో వేయించుకుని ఫ్యామిలీ షేరింగ్‌తో నేను ఆడుకుంటే సరిపోదా?

హనుమకొండ నుంచి:

సరిపోదు. ఆ ఫ్యామిలీ షేరింగ్ స్థానంలో 2024లో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఆరుగురి వరకు ఉండొచ్చు. అయితే అది ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ కోసం పెట్టింది. సభ్యులందరి ఖాతాలూ ఒకే దేశానివై ఉండాలి. ఆయనది అమెరికా, నీది ఇండియా. పైగా ఒకే కాపీని ఇద్దరూ ఒకే సమయంలో ఆడలేరు. ఆయన ఖాతా పాస్‌వర్డ్ అడిగి వాడుకోవడం అసలు వద్దు. అది స్టీమ్ నిబంధనలకు విరుద్ధం. రెండు దేశాల నుంచి మార్చి మార్చి లాగిన్ అవుతుంటే ఏదో ఒకరోజు ఆ ఖాతాకే ఇబ్బంది రావచ్చు.

కాబట్టి ఫోన్ చేసి అన్నయ్యను అడుగు. "సరే, నీ ఖాతాలో వేసుకో" అంటేనే వేసుకో. ఎన్నేళ్ళ నాటి పెట్టె అయినా, తన ఆట అనుకునేవాళ్ళు ఉంటారు. తర్వాత వెనక్కి ఇవ్వడానికి దారి లేదు కాబట్టి చెప్తున్నాను.

నీ ఖాతాకు కాలేజీ ఇచ్చిన మెయిల్ పెట్టి ఉంటే ముందే మార్చుకో. చదువు అయిపోయాక ఆ మెయిల్ ఉండకపోవచ్చు, అప్పుడు పాస్‌వర్డ్ మర్చిపోతే నానా తిప్పలు. సొంత మెయిల్ పెట్టి, ఫోన్‌లో స్టీమ్ గార్డ్ (లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు అడిగే రెండో తాళం) ఆన్ చేసుకో.

నెల్లూరు నుంచి:

ఇదే చోట నా సందేహం కూడా. మా దగ్గర ఒరిజినల్ నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ (2005), ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డిస్క్‌లు ఉన్నాయి. వాటి కీలు కూడా ఇలా స్టీమ్‌లో కొట్టుకోవచ్చా?

బెంగళూరు నుంచి జవాబు:

రెండూ కుదరవండి. ఎందుకో చెప్తాను, అప్పుడు మిగతా ఆటల సంగతి మీకే అర్థమవుతుంది.

ఏ కీ పడితే ఆ కీని స్టీమ్ తీసుకోదు. ఆట అమ్మిన కంపెనీ "ఈ కీలు మావే, వీటిని ఒప్పుకో" అని స్టీమ్‌కు అప్పగిస్తేనే అవి చెల్లుతాయి. కంపెనీ అప్పగించకపోతే మీ కీ ఎంత ఒరిజినల్ అయినా స్టీమ్ దృష్టిలో చెల్లనిదే. 2005 నాటి మోస్ట్ వాంటెడ్‌ను స్టీమ్‌లో అమ్మడమే లేదు. అదే పేరుతో 2012లో వచ్చినది వేరే ఆట, పొరపాటున అది కొనకండి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 స్టీమ్‌లో ఉంది కానీ అవి 2013 నాటి హెచ్‌డీ, 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్లు. 1999 డిస్క్ కీ వాటికి పనికిరాదు. అది కావాలంటే మళ్ళీ కొనాల్సిందే.

కుదిరేవి కూడా ఉన్నాయి. నెట్ సెంటర్ల కాలం నాటి హాఫ్-లైఫ్ ఒరిజినల్ డిస్క్ ఎవరి దగ్గరైనా ఉంటే, ఆ కీని స్టీమ్‌లో నమోదు చేసుకోవచ్చు, కౌంటర్-స్ట్రైక్ కూడా వస్తుంది. హాఫ్-లైఫ్ చేసిందీ, స్టీమ్ నడిపేదీ ఒకే కంపెనీ, వాల్వ్. డార్క్ సోల్స్ మొదటి పీసీ ఎడిషన్ సంగతి ఇంకోలా ఉంది. అది గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అనే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ ఆటల సర్వీసు మీద ఆధారపడేది. 2014 చివర్లో దాన్ని స్టీమ్‌కు మార్చినప్పుడు పాత కీలను స్టీమ్‌లో కొట్టుకోనిచ్చారు. డయాబ్లో 2, వార్‌క్రాఫ్ట్ 3 కీలు మాత్రం స్టీమ్‌లో కాదు, బ్లిజార్డ్ వాళ్ళ బ్యాటిల్.నెట్ ఖాతాలో నమోదవుతాయి. అందుకని ఆట ఎవరిదో చూసుకుని, ఆ కంపెనీ సపోర్ట్ పేజీలో పెట్టె కీల గురించి ఏం రాశారో చదివి, అప్పుడు ప్రయత్నించండి.

ఒక్కోసారి గడువు కూడా ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ కొన్నవాళ్ళు ఆ ఆట చేసిన మోజాంగ్ కంపెనీ ఖాతాను మైక్రోసాఫ్ట్ ఖాతాకు మార్చుకోవడానికి 2023 సెప్టెంబరు 19 ఆఖరు తేదీ. ఆ తేదీ దాటనిచ్చినవాళ్ళకు డబ్బు పెట్టి కొన్న ఆట చేజారింది. చిన్నపిల్లలు, ఎప్పుడో కొనిచ్చి మర్చిపోయిన తల్లిదండ్రులు, వాళ్ళకు ఆ మెయిల్ కనపడనే లేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ ఇంట్లో పాత పెట్టెలుంటే ఈ వారంలోనే ఒకసారి తీసి చూసుకోండి.

కర్నూలు నుంచి:

నేను యూరో ట్రక్ పెట్టె సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కీ కొడితే డూప్లికేట్ ప్రొడక్ట్ కోడ్ అంటోంది. అమ్మినాయన ఫోన్ ఎత్తడం లేదు. ఇప్పుడు ఏం చెయ్యాలి?

హనుమకొండ నుంచి:

అన్నా, డూప్లికేట్ అంటే ఆ కీ వేరే ఖాతాలో ఇప్పటికే ఉందని. ముందు మీకే ఇంకో పాత స్టీమ్ ఖాతా ఉందేమో గుర్తుచేసుకోండి, ఇంట్లో పిల్లల ఖాతాలు కూడా చూడండి. అక్కడా లేకపోతే స్టీమ్ సపోర్ట్‌కు టికెట్ (ఫిర్యాదు) పెట్టండి. వాళ్ళు సొంతదారు ఎవరో తేల్చుకోవడానికి సాధారణంగా కీ ఉన్న కాగితం మీద టికెట్ నంబర్ పెన్నుతో రాసి ఫోటో పంపమంటారు. బిల్లు ఉంటే జతచేయండి. కానీ మీకు ఆశ పెట్టలేను. మొదటి సొంతదారు న్యాయంగా తన ఖాతాలో వేసుకుని, తర్వాత ఖాళీ పెట్టె అమ్మి ఉంటే ఆట ఆయన దగ్గరే ఉంటుంది. మీ గొడవ అమ్మినాయనతోనే. ఖాతాకు కట్టే ఏ ఆటనైనా సెకండ్ హ్యాండ్‌లో కొనవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఫుట్‌పాత్ మీద దొరికే కాపీ డిస్క్‌ల కీలు సరేసరి, అవి ఎక్కడా చెల్లవు.

ఏలూరు నుంచి:

అక్కా, అన్నయ్య ఒప్పుకున్నాడు. "ఆ ఆట నీకే ఇచ్చేశాను, నేనూ కొనుక్కుని నీతో ఆడతాలే" అన్నాడు. కానీ కీ కొడితే చెల్లదు అంటోంది. కాగితం చెమ్మకు కాస్త మసకబారింది. అలా ఇలా మార్చి కొడుతుంటే ఇప్పుడు "చాలాసార్లు ప్రయత్నించారు, తర్వాత రండి" అంటోంది. కీ పోయినట్టేనా?

హనుమకొండ నుంచి:

పోలేదు, కంగారు పడకు. వరసగా తప్పులు కొడితే స్టీమ్ కాసేపు ఆపేస్తుంది, ఊహించి కొట్టేవాళ్ళను అడ్డుకోవడానికి. కనీసం ఒక గంట వదిలెయ్యి. మధ్యమధ్యలో కొట్టి చూడకు.

ఈలోగా కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడు. ఎనిమిది అంకె, బి అక్షరం ఒకేలా ఉంటాయి. సున్నా, ఓ అంతే. ఐదు, ఎస్ కూడా. అదే కాగితంలో స్పష్టంగా ఉన్న అక్షరాల పక్కన పెట్టి పోల్చుకో. అనుమానం ఉన్నవి రెండు మూడు చోట్లే ఉంటే కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే మార్చు.

డెస్క్‌టాప్ ఇంకా నడుస్తోంది అన్నావు కదా, అందులోని పాత మెయిల్స్‌లో గానీ అన్నయ్య దగ్గర గానీ కీ రాసి పెట్టుకున్నది ఉందేమో కూడా అడుగు. ఏదీ కుదరకపోతే కాగితం ఫోటోతో ఎస్‌సీఎస్ సపోర్ట్‌కు రాయి. ఇలాంటి విషయం స్టీమ్ కంటే వాళ్ళే తేల్చగలరు, కీలు ఇచ్చింది వాళ్ళు కాబట్టి.

ఏలూరు నుంచి:

ఎక్కిందక్కా! బి అనుకున్నది ఎనిమిది. లైబ్రరీలో ఆట కనిపిస్తోంది. మా ఇంటి నెట్ స్పీడ్ తక్కువ, హాస్టల్లో ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఇదే ఆట ఉంది. తన దగ్గర నుంచి కాపీ చేసుకోవచ్చా? పాత ప్రొఫైల్ సంగతి కూడా చెప్పండి.

బెంగళూరు నుంచి:

కాపీ చేసుకోవచ్చు తమ్ముడూ, ఆట నీ ఖాతాలో ఉంది కాబట్టి అందులో తప్పేమీ లేదు. ఫ్రెండ్ స్టీమ్ ఫోల్డర్‌లో స్టీమ్‌యాప్స్, అందులో కామన్, అందులో ఆట పేరుతో ఫోల్డర్ ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నీ ల్యాప్‌టాప్‌లో అదే చోట పెట్టి, అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కు. స్టీమ్ ఉన్న ఫైళ్ళు సరిచూసుకుని తక్కువైనవే దించుతుంది. ఇద్దరూ ఒకే వైఫైలో ఉంటే స్టీమే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపుతుంది, 2023 నుంచి ఆ సదుపాయం ఉంది.

ప్రొఫైల్ ఆట ఫోల్డర్‌లో ఉండదు. డెస్క్‌టాప్‌లో డాక్యుమెంట్స్ కింద యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే ఫోల్డర్, అందులో ప్రొఫైల్స్ చూడు. లోపల అర్థంకాని అంకెలు, అక్షరాల పేరుతో ఉన్నదే నీ ప్రొఫైల్. అది మొత్తం రెండు చోట్ల కాపీ తీసి పెట్టుకో, ఎందుకంటే కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేశాక అది మళ్ళీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. తర్వాత ల్యాప్‌టాప్‌లో అదే చోట పెడితే ఆటలో కనిపిస్తుంది. సరిగ్గా తెరుచుకుంది అని చూసుకున్నాకే ప్రొఫైల్ ఎడిట్‌లోకి వెళ్ళి స్టీమ్ క్లౌడ్ (ప్రొఫైల్‌ను ఆన్‌లైన్‌లో దాచే సదుపాయం) ఆన్ చెయ్యి. ఇన్నేళ్ళలో మ్యాప్‌లో రోడ్లు మారిపోయాయి కాబట్టి చేతిలో ఉన్న లోడ్ రద్దై, లారీ గ్యారేజీకి వెళ్ళిపోవచ్చు. డబ్బు, లెవెల్, గ్యారేజీలు ఉంటాయి.

ఏలూరు నుంచి:

ప్రొఫైల్ కనిపించింది, కానీ తెరవగానే ఆట మూసుకుపోతోంది. పాత మోడ్ ఫోల్డర్ కూడా తెచ్చాను, అందులో మన ఆర్టీసీ బస్సుల మోడ్‌లు (ఆటగాళ్ళు తయారుచేసి ఆటకు జతచేసేవి) ఉన్నాయి.

హనుమకొండ నుంచి:

ఆ మోడ్‌లే కారణం. మోడ్ ఫోల్డర్‌ను డాక్యుమెంట్స్ నుంచి బయటికి తీసి పక్కన పెట్టి, ఒట్టి ప్రొఫైల్ తెరువు. మోడ్‌లు లేవని హెచ్చరిక వస్తే ఒప్పుకో. తెరుచుకున్నాక ఒకసారి సేవ్ చేసి, ఆ తర్వాత బస్సులను ఒక్కొక్కటిగా ప్రయత్నించు. పాత వెర్షన్ కోసం చేసినవి చాలావరకు ఇప్పుడు నడవవు, అదే తయారీదారు కొత్త వెర్షన్‌కు చేసినది ఉందేమో చూడు.

ఆ పాత బస్సే కావాలనుకుంటే దానికీ దారి ఉంది. లైబ్రరీలో ఆట మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో బీటాస్‌లోకి వెళ్తే పాత వెర్షన్ల జాబితా ఉంటుంది. మోడ్ ఏ వెర్షన్‌దో ఆ నంబర్ ఎంచుకుంటే స్టీమ్ ఆ వెర్షన్‌ను దించుతుంది. దానికి మాత్రం నువ్వు విడిగా తీసి పెట్టుకున్న పాత ప్రొఫైల్ కాపీ వాడు. కాలేజీవాళ్ళతో కాన్వాయ్ ఆడేటప్పుడు మళ్ళీ "నన్" అని పెట్టి తాజా వెర్షన్‌కు రా, అందరిదీ ఒకే వెర్షన్ అయితేనే కలుస్తారు. ఇంకో మాట, ఫ్రెండ్ రిక్వెస్ట్ నువ్వు పంపితే వెళ్ళకపోవచ్చు. పెట్టె కీ కొట్టినంత మాత్రాన స్టీమ్ కొత్త ఖాతాల పరిమితి తీసెయ్యదు, ఖాతాలో కనీసం 5 డాలర్ల విలువైన ఖర్చు ఉండాలి. వాళ్ళనే నీకు పంపమను, నువ్వు ఒప్పుకుంటే సరిపోతుంది.