ఐసొలెట్ 2 మీద విడి రేంజ్‌ఫైండర్: కొలత సరిగ్గానే ఉన్నా ముఖాలు మసకగా ఎందుకు?

ఉప్పుగాలి

కెమెరా ఆగ్ఫా ఐసొలెట్ 2 (మడిచే పాత ఫిల్మ్ కెమెరా), లెన్సు 85 మి.మీ. ఎపోటార్ ఎఫ్4.5. పైన షూలో (పరికరాలు బిగించే గాడిలో) వాటామీటర్ అనే విడి రేంజ్‌ఫైండర్, అంటే దూరం కొలిచే పరికరం, పెట్టి వాడుతున్నాను. ఫిల్మ్ హెచ్‌పీ5 (400 వేగం). విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దుగూకేవేళ ఎఫ్4.5 పెట్టి, అంటే లెన్సు రంధ్రం (ఎపర్చర్) పూర్తిగా తెరిచి, రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే కళ్లు మసకబారుతున్నాయి, కాస్త వెనకున్న రెయిలింగ్ మాత్రం చెక్కినట్టు వస్తోంది. రంధ్రం చిన్నది చేసి ఎఫ్11లో తీసినవన్నీ బాగున్నాయి. రేంజ్‌ఫైండర్‌లో కనబడే రెండు బొమ్మలు కలిసేదాకా దాని చక్రం తిప్పి, అక్కడ పడిన అంకెనే లెన్సు రింగు మీద పెడుతున్నాను. రెండూ మీటర్ల స్కేళ్లే. రేంజ్‌ఫైండర్ని సరిచేయాలా? ఇంకో సంగతి, ఎండలో రెండో బొమ్మ దాదాపు కనబడదు. లెన్సు రింగు కూడా బాగా బిగుసుకుపోయి తిరుగుతోంది.

నలుపుగుడ్డ

రేంజ్‌ఫైండర్ జోలికి అప్పుడే వెళ్లకండి. అది దూరం చెబుతుందంతే, లెన్సుకీ దానికీ ఏ లంకే లేదు. ముందు లెన్సు చూడండి. రింగు బిగుసుకుపోయిందంటే నా అనుమానమంతా దాని మీదే.

ఫిల్మ్ లేకుండా వెనక తలుపు తీయండి. సుమారు 6 సెం.మీ. వెడల్పు, 7 సెం.మీ. పొడవు గాజుముక్క కోయించుకుని, ఒక పక్క మసక టేపు బుడగల్లేకుండా అంటించండి. ఆ టేపు వైపు లెన్సుకేసి ఉండాలి. ఫిల్మ్ పాకే పట్టాల మీదే అది ఆనాలి, రోలు అంచులు తగిలే బయటి గట్ల మీద కాదు. ఇక్కడ అర మిల్లీమీటరు తేడా వచ్చినా పరీక్ష వృథా. షట్టర్ బీలో (నొక్కినంతసేపూ తెరిచుండే గుర్తు) పెట్టి కేబుల్ రిలీజ్ (షట్టర్ నొక్కే తీగ) బిగించేయండి, ఎపర్చర్ పూర్తిగా తెరవండి. స్టాండు మీద పెట్టి డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌కేసో, దూరంగా లంగరేసిన ఓడ స్తంభానికేసో తిప్పి, తలమీద నల్లగుడ్డ కప్పుకుని చూడండి. భూతద్దం లేకపోతే ఏ 50 మి.మీ. లెన్సయినా తిరగేసి కంటికి ఆనించండి, సుమారు అయిదు రెట్లు పెద్దది చేస్తుంది.

రింగు ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తు మీద ఉంటే లైట్‌హౌస్ స్ఫుటంగా ఉందా? లేకపోతే ఏ గుర్తు దగ్గర స్ఫుటమవుతోంది? అది చెప్పండి.

మూరాబారా

రేంజ్‌ఫైండర్ కూడా విడిగా తేల్చేసుకోండి, పావుగంట పని. ఆ లైట్‌హౌస్‌నే చూస్తూ డయల్ ఇన్ఫినిటీకి తెస్తే రెండు బొమ్మలూ ఒకటైపోవాలి. తర్వాత ఇంట్లో తలుపు అంచు నుంచి టేపుతో సరిగ్గా 2 మీటర్లు కొలిచి అక్కణ్ణుంచి చూడండి. రెండు చోట్లా ఒకే వైపు తప్పితే సర్దుబాటు స్క్రూతో పోతుంది. ఒకచోట కలిసి ఇంకోచోట తప్పితే లోపల అద్దం కదిలిందన్నమాట, దాన్ని ఇంట్లో కెలకొద్దు.

బీచ్‌లో చాలామంది చేసే పొరపాటొకటుంది. ఈ పరికరం బొమ్మను అడ్డంగా జరుపుతుంది, కాబట్టి నిలువు గీత ఉంటేనే కలిసిందో లేదో తెలుస్తుంది. సముద్రం అంచు, అలలు, మెట్లు పనికిరావు. దీపస్తంభం, చొక్కా బొత్తాల వరుస, ముక్కు అంచు పట్టుకోండి. ఏదీ లేకపోతే కెమెరాని నిలువుగా తిప్పి కొలవండి.

ఎంత నమ్మొచ్చంటే, లోపలి రెండు కిటికీల మధ్య 4 సెం.మీ. ఉందనుకుని, కంటికి ఒక ఆర్క్‌మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా తెలుస్తుందనుకుంటే, 2 మీటర్ల దగ్గర తప్పు 3 సెం.మీ., 5 మీటర్ల దగ్గర 18 సెం.మీ., 10 దగ్గర ముప్పావు మీటరు. దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలు. మీ లెన్సుకి 2 మీటర్ల దగ్గర ఎఫ్4.5లో 1.88 నుంచి 2.13 మీటర్ల దాకా స్ఫుటంగా పడుతుంది కాబట్టి ఆ 3 సెం.మీ. ఏ మూలకీ రాదు. రెయిలింగ్ స్ఫుటంగా వచ్చేంత తేడా రేంజ్‌ఫైండర్ కొలతలో దొర్లే తప్పు కాదు.

రెండో బొమ్మ వెలిసిపోవడానికి కారణం లోపలి సగం అద్దం (సగం వెలుతురు దాటనిచ్చేది) పూత పోవడం. గుడ్డతో తుడిచారో, మిగిలిన పూత కూడా గుడ్డకే వచ్చేస్తుంది. బ్లోయర్‌తో ఊదడం వరకే. దానికి బదులు నేరుగా చూసే కిటికీ ముందు పసుపుపచ్చ జెల్ ముక్క అంటించండి. ఆ బొమ్మ చీకటవుతుంది, రంగూ మారుతుంది, రెండోది తేలి కనిపిస్తుంది.

ఉప్పుగాలి

చూశాను. రేంజ్‌ఫైండర్ రెండు చోట్లా కలుస్తోంది. లెన్సు మాత్రం ఇన్ఫినిటీ గుర్తు దగ్గర మసక. రింగు 10 మీటర్ల గుర్తుకి తెస్తే లైట్‌హౌస్ స్ఫుటమవుతోంది.

నలుపుగుడ్డ

అయితే దొంగ దొరికాడు. లెక్క చూడండి, దూరాల్ని తిరగేసి: ఒకటి బై రెండులోంచి ఒకటి బై పది తీసేస్తే 0.4, దాన్ని మళ్లీ తిరగేస్తే 2.5. అంటే మీరు 2 అని పెట్టినప్పుడల్లా లెన్సు 2.5 మీటర్ల మీద కూర్చుంటోంది. అక్కడ ఎఫ్4.5కి దగ్గరి హద్దు సుమారు 2.3. కళ్లు ఆ హద్దుకి బయటపడిపోయాయి, రెయిలింగ్ లోపలికొచ్చింది. ఎఫ్11లో ఆ తేడా కప్పబడిపోతోంది. ఎవరో ఎప్పుడో విప్పి, ముందు గాజు ఎక్కువ లోపలికి తిప్పి రింగు బిగించేసి ఉంటారు.

బాగుచేయడం: రింగు అంచున మూడు బుల్లి స్క్రూలుంటాయి. వాటిని వదులు చేయండి చాలు, పూర్తిగా తీస్తే నేలమీద వెతుక్కోవాలి. రింగు ఊడొస్తుంది. అయితే ఆగ్ఫాలో ఆ నాటి పచ్చ గ్రీజు గట్టిపడి ముందు గాజు కూపీనీ (గాజు బిగించిన లోహపు చట్రం) మధ్య గాజు కూపీనీ ఒకటిగా అతికించేస్తుంది. ప్లయర్‌తో పట్టి తిప్పితే రెండూ కలిసి ఊడొస్తాయి, ముందుది మాత్రం కదలదు. లైటర్‌లో పోసే ద్రవం మర అంచు చుట్టూ రెండు చుక్కలు వేసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చూపించి, గంట ఆగి మళ్లీ. ఒక్కోసారి మూడు నాలుగు రోజులు పడుతుంది. చుక్కలు ఎక్కువైతే షట్టర్ రేకుల మీదకి దిగుతాయి, అప్పుడు ఇంకో రోగం.

వదులయ్యాక విప్పేముందు రెండు కూపీల మీదా సూదితో గీత పెట్టండి. ఊడొచ్చిన చోట ఇంకో గీత. మర వేరే చోట ఎక్కితే ఫోకస్ ఎక్కడా కుదరదు. శుభ్రం చేసి ఎక్కించి, గాజుముక్క మీద లైట్‌హౌస్ స్ఫుటమయ్యేదాకా తిప్పి, ఇన్ఫినిటీ గుర్తు ముల్లుకి ఎదురుగా వచ్చేలా రింగు తొడిగి మూడు స్క్రూలూ బిగించండి.

తీరంకాడ

పైన చెప్పినవి అయ్యాక రెండు మాటలు. బెలోస్ (లెన్సు వెనకుండే మడతల సంచి) తెరిచాకే ఫిల్మ్ తిప్పండి. ముందే తిప్పి, తర్వాత టక్కున తెరిస్తే లోపలికి లాగిన గాలి ఫిల్మ్‌ని ఉబ్బిస్తుంది, లెన్సు ఎంత సరిగ్గా ఉన్నా మధ్యలో మసకే. ఆగ్ఫా బెలోస్ మూలలు చిల్లులు పడతాయి కూడా. చీకటి గదిలో లోపల ఫోన్ లైటు పెట్టి ఒక్కో మడతా చూడండి.

నన్నడిగితే పట్టపగలు రేంజ్‌ఫైండర్ జేబులోనే ఉండనివ్వచ్చు. ఎఫ్16లో 9 మీటర్లు పెడితే నాలుగున్నర నుంచి ఇన్ఫినిటీ దాకా పడుతుంది. హెచ్‌పీ5కి ఎండలో ఎఫ్16 అంటే షట్టర్ సెకనులో 1/400 వంతు కావాలి, చాలా ఐసొలెట్ షట్టర్లు 1/200, 1/300 దగ్గరే ఆగిపోతాయి. బీచ్ ఇసుక మీద వెలుగు ఇంకో స్టాప్ (అంటే రెట్టింపు) ఎక్కువే. పగలు 100 వేగం ఫిల్మ్ వేసుకోండి. సాయంత్రం ఒక బార కొలత బాగా పనికొస్తుంది: చేతులు చాపితే ఆ పొడవు దాదాపు మన ఎత్తే. లేజర్ కొలబద్ద ఎండలో చుక్క కనబడక తిప్పలు పెడుతుంది, పైగా మనిషి ముఖం మీద వేయకూడదు.

మన గాలికి లెన్సు బూజు పట్టకుండా సిలికా జెల్‌తో మూతబిగువు డబ్బాలో ఉంచండి. తోలు కేసులో అస్సలు వద్దు, తోలు తేమని పీల్చి పట్టుకుంటుంది.

ఉప్పుగాలి

కొత్త గ్రీజు ఎంత పెట్టాలండీ?

నలుపుగుడ్డ

అగ్గిపుల్ల మొనకి అంటినంత. వేసవిలో మిగులు కరిగి రేకుల మీదకి పాకుతుంది. మర మీద తడి మెరిస్తే చాలు, గ్రీజు గుట్టలా కనబడితే తుడిచేయండి.