పక్షవాతంలో డీఎన్ఏ మిథైలేషన్‌ను అడ్డుకుంటే మెదడు కణాలు నిలుస్తాయా?

ప్రశ్న (పటమట, విజయవాడ)
మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మూడు వారాలైంది. మాట కొంత తేరుకుంది కాని కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు. డీఎన్ఏకు మిథైల్ గుంపులు చేరకుండా అడ్డుకుంటే మెదడుకు జరిగే నష్టం తగ్గుతుందని చదివాను. ఆ పని చేసే డెసిటబిన్ అనే మందును రక్తవ్యాధులకు ఇప్పటికే వాడుతున్నారట. మందు దొరుకుతున్నప్పుడు ఆయనకు ఎందుకు ఇవ్వకూడదో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు)
డీఎన్ఏలోని సైటోసిన్‌కు మిథైల్ గుంపును అతికించే ఎంజైములను డీఎన్ఏ మిథైల్ ట్రాన్స్‌ఫరేజులు అంటారు. జన్యువు మొదలయ్యే చోట ఈ గుంపులు దట్టంగా చేరితే సాధారణంగా ఆ జన్యువు పనిచేయడం మానేస్తుంది. రక్తం అందక అల్లాడుతున్న కణంలో, దానిని కాపాడవలసిన జన్యువులే ఇలా మూతపడతాయన్నది ఈ పరిశోధనల వెనక ఉన్న ఆలోచన. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, చిట్టెలుకల మెదడు ధమనిని కొంతసేపు మూసి తెరిచినప్పుడు, ఈ ఎంజైము తక్కువగా ఉన్న ఎలుకల్లోనూ, మీరు చెప్పిన మందు ఇచ్చిన ఎలుకల్లోనూ దెబ్బతిన్న భాగం చిన్నదిగా కనిపించింది. అయితే ఆ మరుసటి ఏడాది నాడీకణాల్లో ఆ ఎంజైమును పూర్తిగా తొలగించి చూస్తే రక్షణ దొరకలేదు. సగానికి తగ్గించినప్పుడు మాత్రమే దొరికింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ ఫలితమే, ఎందుకంటే ఎంత మోతాదులో అడ్డుకోవాలన్నది ఎంత సున్నితమైన లెక్కో ఇది చూపుతుంది.

జవాబు (న్యూరాలజీ వైద్యుడు, విజయవాడ)
మీ ఆరాటం అర్థమైంది, కాని దయచేసి ఆ మందు జోలికి వెళ్లకండి. అది ముఖ్యంగా విభజన చెందే కణాల డీఎన్ఏలో చేరి పనిచేస్తుంది కనుక ఎముక మజ్జను దెబ్బతీసి తెల్లకణాలను, ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. మింగడం కష్టమై ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశమున్న రోగికి, అందులోనూ ఆస్పిరిన్ వాడుతున్నవారికి, అది ప్రాణాపాయం కాగలదు. పైగా కణాలు చనిపోయేది ప్రధానంగా తొలి గంటల్లో, తొలి రోజుల్లో. ఆ దశ మీ నాన్నగారికి దాటిపోయింది. జంతువుల్లో ఆశ కల్పించిన ఎన్ఎక్స్‌వై-059 అనే మందు 2007లో వెలువడిన పెద్ద మానవ పరీక్షలో విఫలమైన సంగతి మేమెవరమూ మరచిపోలేదు. నేటికీ రోగిని నిలబెట్టేవి నాలుగున్నర గంటల్లోపు ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షను, కొందరికి 24 గంటల వరకు వీలయ్యే గడ్డ తొలగింపు చికిత్స.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ ఉదయం మాట తడబడితే షుగర్ తగ్గిందనుకుని మూడు గంటలు ఇంట్లోనే ఉంచాము. ఆ బాధతోనే ఇవన్నీ వెతుకుతున్నాను. చెయ్యి తిరిగి రావడానికైనా మిథైలేషన్‌ను అడ్డుకోవడం పనికొస్తుందా?

జవాబు (అధ్యాపకురాలు, గుంటూరు)
అందుకు విరుద్ధంగా జరగవచ్చునేమోనని నా అనుమానం. 2007లో, ఎలుకలకు ఒక పాఠం నేర్పిన వెంటనే ఈ ఎంజైములను అడ్డుకుంటే ఆ జ్ఞాపకం నిలవలేదు. అంటే కొత్తది నేర్చుకునే మెదడుకు మిథైలేషన్ అవసరం. మీ నాన్నగారి మెదడు ఇప్పుడు గ్లాసు పట్టుకోవడాన్ని మళ్లీ నేర్చుకుంటోంది. ఫిజియోథెరపీలో చేయించే కదలికలనే ఇంట్లోనూ రోజుకు కొన్నిసార్లు, ఆయన అలసిపోనంత మేరకు, కుడి చేతితోనే చేయించండి.