సమస్యాపూరణం: "పిల్ల నేర్పె మేత తల్లి కపుడు"

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఏ ఆకు తినాలో, ఏది వదలాలో గొర్రెపిల్ల తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది. ఈ సంగతి చదువుతుంటే దాన్ని తిరగేయాలనిపించింది, ఈ పాదం పుట్టింది. ఇది చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించండి. విషయం గొర్రెల మేతే. మనుషుల వంటింటికి తీసుకుపోవద్దు.

*పిల్ల నేర్పె మేత తల్లి కపుడు*

తంగేడుపువ్వు:
సంతలోన కొన్న సన్నని గొర్రెకు
కొత్త తుమ్మకాయ కూడె యగునె?
ఇంట పుట్టి దాని నిష్టంగ నమలుచు
పిల్ల నేర్పె మేత తల్లి కపుడు.

2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు 75 శాతం రాయితీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్‌గా ఇచ్చారు. పక్క రాష్ట్రాల నుంచి కొని తెచ్చినవి చాలా ఉన్నాయి. కొత్త ఊళ్లో దిగిన తల్లికి ఇక్కడి చెట్టూచేమా తెలియవు. ఇక్కడే పుట్టిన పిల్ల ఊరి మందతో తిరిగి తుమ్మకాయ మరిగింది. అదీ నా ఊహ.

గంటం:
సంత గొర్రెను తేవడం మంచి ఎత్తు. "కూడె యగునె" అన్న ప్రశ్న ఇంకా బాగుంది. కానీ "ఇష్టంగ" ఏమిటమ్మా? "ఇష్టముగ" అనాలి, అంటే గణం చెడుతుంది. పోయినసారి కూడా మీరు "కష్టంగ" అని ఇలాగే సరిపెట్టారు.

తంగేడుపువ్వు:
"ఇంట పుట్టి దాని నింపుగ నమలుచు". గణం, యతి రెండూ కుదిరాయి. పోయినసారి "కష్టంగ" వాడింది నేను కాదు, పాత చర్చ తెరిచి చూడండి.

పల్లెడాక్టరు:
తంగేడుపువ్వు గారి తల్లి గొర్రె నిజంగా అలాగే ప్రవర్తిస్తుంది. ఎదిగిన గొర్రె కొత్త మేతను ఒక్కసారిగా తినదు. వాసన చూసి కొంచెం కొరుకుతుంది. ఆ తరువాత కడుపు తేలిగ్గా ఉంటే మరునాడు ఇంకొంచెం తింటుంది, కడుపులో తిప్పితే వదిలేస్తుంది. తీర్పు చెప్పేది నాలుక ఒక్కటే కాదు, పొట్ట కూడా. పక్కన మరో జీవం ధైర్యంగా మేస్తుంటే మాత్రం ఆ జంకు త్వరగా తగ్గుతుంది. నా పూరణ:

ద్రాక్షతోట మేయరాదని మందిచ్చి
గొర్రె కాకు మీద కోర్కె నణచ
మందు నెరుగ కాకు మరిగి మేసిన యట్టి
పిల్ల నేర్పె మేత తల్లి కపుడు.

నిర్వాహకుడు:
ద్రా, రా యతి చక్కగా పడింది. మందు సంగతి కొంచెం చెప్పండి, చాలామందికి కొత్త.

పల్లెడాక్టరు:
లిథియం క్లోరైడ్. గొర్రెకు ద్రాక్షాకు తినిపించి, వెంటనే కొలిచిన మోతాదులో దీన్ని ఇస్తారు. కాసేపు కడుపులో తిప్పుతుంది, ప్రాణానికి ముప్పు ఉండదు. గొర్రె ఆ బాధను అప్పుడే తిన్న కొత్త ఆకుకు అంటగట్టి, మళ్లీ దాని జోలికి పోదు. కాలిఫోర్నియాలో ఇలా అలవాటు చేసిన గొర్రెలను ద్రాక్షతోటల్లో వదిలి చూశారు. అవి సాళ్ల మధ్య కలుపు మేస్తాయి, తీగను ముట్టవు.

దీనికో చిక్కుంది. అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో ఫ్రెడ్ ప్రొవెంజా, ఆయన తోటివాళ్లు 1980ల నుంచి ఈ పని మీదే ఉన్నారు. మందు పడని గొర్రెలతో కలిపి మేపితే, మందు పడినవి వాటిని చూసి మళ్లీ ఆ మేతకు నోరు పెడతాయి. కొంచెం తిన్నా ఏమీ కాకపోయేసరికి పాత విముఖత కరిగిపోతుంది. అందుకే నా పద్యంలో "మందు నెరుగక" అన్నదే ప్రాణం. అది తీసేస్తే పిల్లకు నేర్పే అర్హత లేదు.

గంటం:
డాక్టరు గారు ఈమధ్య ఛందస్సు మీద కూడా శ్రద్ధ పెడుతున్నారు, సంతోషం. నాది:

కడుపులోన నున్న కాలమందే రుచి
యుమ్మనీరు తెచ్చి యూరజేయ
పుట్టి పరుగు తీసి పొదలన్నీ తినజూపి
పిల్ల నేర్పె మేత తల్లి కపుడు.

తంగేడుపువ్వు:
"పొదలన్నీ" దగ్గర దీర్ఘం వల్ల గణం విరిగింది గంటం గారూ. "పొదలన్ని" అంటే సరి. ఇది చిన్నది. అసలు బాధ అర్థంలో ఉంది. తల్లి తిన్న మేత రుచి ఉమ్మనీటిలోకి దిగి పిల్లకు అబ్బింది, ఒప్పుకున్నాను. అంటే తల్లికి ఆ మేత ముందే తెలుసు. తెలిసిన తల్లికి పిల్ల ఏం నేర్పింది? మొదటి రెండు పాదాలూ బంగారంలా ఉన్నాయి, సమస్య మాత్రం అలాగే మిగిలింది.

గంటం:
"పొదలన్ని తినజూపి" అని చదువుకోండి. అర్థానికి వస్తే, తల్లి చూలుతో ఉన్నప్పుడు ఒక ఊళ్లో మేసింది. ఈనాక మంద తరలింది. మళ్లీ పాత చోటికి వచ్చేసరికి తల్లి మరిచింది, పిల్ల మరవలేదు.

తంగేడుపువ్వు:
ఆ మతిమరుపు పద్యంలో ఎక్కడుంది?

పల్లెడాక్టరు:
తల్లి మరిచిపోవడం అంత నమ్మేలా లేదండీ. గొర్రెలకు మేత జ్ఞాపకం గట్టిది. ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లలకు తల్లులతో కలిపి కొద్ది రోజులు గోధుమలు పెట్టారు. దాదాపు 3 ఏళ్ల తరువాత మళ్లీ పెడితే అవి వెంటనే తిన్నాయి, చిన్నప్పుడు రుచి ఎరగనివి వెనకాడాయి. తల్లి పక్కన ఉండటం ముఖ్యమని కూడా అక్కడ తేలింది. పిల్లలకు ఒంటరిగా పెడితే అంత బాగా మరగవు. గంటం గారి మొదటి రెండు పాదాల్లో చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. ఉమ్మనీటిలోనూ, తరువాత పాలలోనూ తల్లి మేత వాసన పిల్లకు చేరుతుంది. సుమారు 5 నెలల చూలు కాలమంతా ఒక బడే అనుకోవచ్చు.

మంచెమీద:
నిన్నటి నుంచి చదువుతున్నాను. గంటం గారూ, మొన్నటి మేక సమస్యకు అడ్డసరం ఆకు మీద మీరు రాసిన పద్యం నాకు నోటికొచ్చు. అందులో "పుట్టువునన తెలియు" అన్నారు. ఇప్పుడేమో కడుపులో నేర్చిందంటున్నారు. రెండిటిలో ఏది మీ మాట?

గంటం:
అడ్డసరం చేదు. చేదును వద్దనుకోవడం పుట్టుకతో వచ్చేదే, దానికి గురువు అక్కర్లేదు. ఆ పద్యం మీద ఈ వేదికలో అప్పుడే 40 వ్యాఖ్యలు నడిచాయి, మళ్లీ తవ్వొద్దు.

తంగేడుపువ్వు:
ఆ 40లో సగం మీవే.

పల్లెడాక్టరు:
చేదు అంటే కొంత జంకు పుట్టుకతో ఉంటుంది, అంతవరకు గంటం గారిది సరైనదే. కానీ చేదుగా ఉన్న ఆకుల్లో మేతకు పనికొచ్చేవి ఉన్నాయి, రుచిగా ఉన్న వాటిలో చంపేవీ ఉన్నాయి. వానలు ఎగ్గొట్టి వాడిన లేత జొన్ననే చూడండి. అందులో సైనైడు పుట్టించే పదార్థం పెరుగుతుంది, గొర్రె మాత్రం ఆబగా తింటుంది. కొన్ని గంటల్లోపే చనిపోవచ్చు. పొట్ట చెప్పే పాఠం విని నేర్చుకోవాలంటే ముందు బతికి ఉండాలి కదా. అక్కడ గొర్రె తెలివి చాలదు, కాపరి కర్ర అడ్డం పెట్టాల్సిందే.

మంచెమీద:
మాది మంద ఉన్న ఇల్లు. నా పూరణ:

ఎవ్వ రెరుక చేసి రీ యాకు విషమని
యమ్మకంచు నేల యడుగుచుంటి?
ముసలి యవ్వ గొర్రె మూతితో చూపించి
పిల్ల! నేర్పె మేత తల్లి కపుడు.

నిర్వాహకుడు:
శభాష్! "పిల్ల!" అని సంబోధన చేసి ఒక్క దెబ్బతో సమస్యను విప్పారు. తిరగేసిన పాదం మళ్లీ తన దారిన పడింది. అవ్వ తల్లికి నేర్పింది, తల్లి పిల్లకు చెబుతోంది. మూడు తరాలు నాలుగు పాదాల్లో ఇమిడాయి.

పల్లెడాక్టరు:
నాకు ఆ అవ్వ నచ్చింది. మనం మందలో ముందుగా అమ్మేది ముసలి గొర్రెనే. పళ్లు అరిగాయని, ఈత తగ్గిందని లెక్క వేస్తాం. ఏ వాగు ఒడ్డున ఏ కాలంలో ఏ పొద మంచిదో ఆ మందలో అందరికంటే ఎక్కువ తెలిసింది దానికే. అది పోతే ఆ తెలివిని డబ్బిచ్చి కొనుక్కోలేం. కొత్త మందను ఊళ్లో దింపే ప్రతి పథకమూ ఇక్కడి పాత గొర్రెలు కొన్నిటిని తోడివ్వాలని నా గట్టి అభిప్రాయం.

మంచెమీద:
మా నాన్న అదే చేస్తాడండీ. పాత గొర్రెలను కొన్నిటిని అమ్మడు. సంతలో కొన్నవాటిని వాటి వెంటే తోలుతాడు.

గంటం:
సంబోధన నాకు తట్టనందుకు విచారంగానే ఉంది, పద్యం బాగుంది. కానీ "ముసలి యవ్వ" పునరుక్తి. అవ్వ అంటేనే ముసలిది. "మంద యవ్వ గొర్రె మమతతో చూపించి" అనండి.

మంచెమీద:
"మమతతో" వద్దండీ. పిల్ల తల్లి మూతి దగ్గర మూతి పెట్టి, అది ఏం నములుతోందో వాసన చూసి నేర్చుకుంటుంది. "మూతితో" పోతే పద్యంలో గొర్రె పోతుంది.

గంటం:
అయితే మూతిని ఉంచి, ముసలిని తీయండి.

మంచెమీద:
ముందు నడచు నవ్వ మూతితో చూపించి
పిల్ల! నేర్పె మేత తల్లి కపుడు.

తంగేడుపువ్వు:
ఇదే బాగుంది. మందలో ముందు నడిచేది అదే కదా.

గంటం:
గొర్రె అన్న మాట ఎగిరిపోయింది.

తంగేడుపువ్వు:
మేత ఉంది, మూతి ఉంది, ఆకు ఉంది. ఇంకా గొర్రె అని చెప్పాలా?

గంటం:
సరే, ఒప్పుకున్నాను. నిర్వాహకులు తుది ప్రతిలో మార్చి పెట్టండి.

నిర్వాహకుడు:
మార్చాను. గంటం గారి మూడో పాదంలో హ్రస్వం కూడా దిద్దాను. కందంలో ఇదే విషయం మీద రాయాలనుకునేవారు రేపు సాయంత్రంలోగా పంపండి.